వానకోటును కూర్చుండి కొనవలెను

వార్షిక సంచికకు ఒక వ్యాసము వ్రాయవలసినదిగా సంపాదక వర్గమువారు కోరినప్పుడు, మావంటి తెలుగు అధ్యాపకుని నుండి వారు ఆశించినది ప్రబంధములను గురించియో, ద్విపదను గురించియో అయి ఉండును. వానకోటును గురించి వ్రాసెదమని చెప్పగానే ఉర్దూ విభాగపు మిత్రులొకరు నవ్వి, "బర్సాతీ మీద కూడా మజ్మూన్ రాస్తారా?" అని అడిగినారు. వ్రాయవలెననియే మా అభిప్రాయము. మన కళాశాల ఆవరణలో ఒక రేకుల పాక కలదు. దానిని నేటికిని సైకిల్ స్టాండు అనియే పిలుచుచున్నాము. అందులో సైకిళ్లు వ్రేళ్లపై లెక్కింపదగినన్ని మాత్రమే. మిగిలినవన్నియు మోటారు సైకిళ్లు, స్కూటీలు. ఆలేరు, మోటకొండూరు, రాజాపేట, తుర్కపల్లి, భువనగిరి వైపుల నుండి మన విద్యార్థులు ప్రతిదినము వీటిపైననే వచ్చిపోవుచున్నారు. మృగశిర కార్తె మొదలుకొని స్వాతి కార్తె వరకు వారిలో సగముమంది తడిసియే తరగతికి వచ్చుచున్నారు. పద్యము చెప్పువానికి ఎదుట కూర్చున్నవాని వణకు కనబడకపోదు.

గత వర్షాకాలములో జరిగిన ఒక సంగతిని దాచక చెప్పవలసి ఉన్నది. ఒక ఉదయము మొదటి గంటలో మేము పాఠము చెప్పుచుండగా, మోటకొండూరు వైపు నుండి వచ్చు విద్యార్థి ఒకడు నిలువెల్ల నీరు కారుచున్న కోటుతో గుమ్మములో నిలిచినాడు. అతడు లోపలికి వచ్చినంతమేర నేల మడుగైనది. మాకు కోపము వచ్చినది. "ఆ కోటు బయట పెట్టి రా" అన్నాము. బయట ఎక్కడ పెట్టవలెనో అతడడుగలేదు, మేమును ఆలోచింపలేదు. వరండా గోడమీద వేసిన ఆ కోటు సాయంత్రమునకు కింద బురదలో పడి, పదిమంది కాళ్లక్రింద నలిగినది. మరునాడు మరల వాన. అతడు కోటు లేకుండ వచ్చి, మూడవ బల్లమీద కూర్చుండి, పాఠము ముగియువరకు పండ్లు కొరుకుచుండినాడు. తరువాత వారము దినములు కళాశాలకు రాలేదు. జ్వరమునకు వానయే కారణమని వైద్యులవలె మేము చెప్పజాలము. కాని ఆ హాజరుపట్టీలో అతని పేరు కెదురుగా వరుసగా గైరుహాజరు వేయుచున్నప్పుడు మా కలము సులభముగ సాగలేదు.

అతడు తిరిగి వచ్చిన పిదప పిలిచి, కోటు ఏమైనదని అడిగినాము. "అది మా నాయిన పొలంకాడికి తొడుక్కునేది సార్. అది ఏసుకుంటే బండి నడపరాదు. చేతులు గుంజుతయి, కింద రెక్కలు ఎగురుతయి. తడిసినా మంచిగనే అనిపించింది" అన్నాడు. ఈ మాటలో మేమనుకొన్నదానికంటె ఎక్కువ విషయమున్నది. వానకోటు ఉండియు దానిని విడిచి తడియుట మేలని ఒక యువకుడు తలచినాడన్నచో, లోపము అతని అశ్రద్ధలో లేదు, ఆ కోటు కొలతలో ఉన్నది. తన కొలత కాని కోటు తొడిగిన వానికి చేయి ఒకవైపు లాగును, మెడలో నీరు జారును, కాళ్లవద్ద బట్ట ఎగురును. అతని మనస్సు దారిమీద గాక కోటుమీద ఉండును. మోటారు సైకిలు మీద వానకోటు చేయవలసిన పని బట్టలను తడువకుండ కాపాడుట మాత్రమే కాదు. నడుపువాని చూపును, చేతులను, ఏకాగ్రతను దారికి వదలివేయుట దాని మొదటి పని. ఆ పనికి బట్ట ఖరీదుకంటె, కంపెనీ పేరుకంటె, ఒంటికి అమరుట ముఖ్యమని మేము వాదించుచున్నాము.

మన ప్రాంతమునకు వానతొడుగు క్రొత్త వస్తువు కాదు. దక్కని గొర్రెల ఉన్నితో కురుమలు నేసిన నల్లని గొంగడి నల్లగొండ, పాలమూరు మెట్టలలో తరతరముల వానకోటు. నూలుకు చింతగింజల గంజి పట్టించి నేసిన ఆ గొంగడిని ఒక మూల మడిచి కొప్పెరగా తలపై వేసికొన్నచో, నడినెత్తి నుండి పిక్కలవరకు వాన జారిపోవును. ఉన్నిలో సహజముగా ఉండు కొవ్వు నీటిని వెంటనే లోనికి రానీయదు. తడిసి బరువెక్కినను వెచ్చదనము పూర్తిగా పోదు. గొంగడి దొరకనివారు యూరియా సంచినే అట్లు మడిచి కప్పుకొన్నారు. ఈ గొంగడి గొప్ప అంతయు మంద వెంట నిలబడినవానికి, పొలము గట్టున నడచువానికి. దానిని కప్పుకొని మోటారు సైకిలు ఎక్కుట ఎవరును చేయరాదు. (నూనె పట్టించిన బట్ట అనగానే మన జిల్లాలోని పుట్టపాక తేలియా రుమాలును తలచుకొను మిత్రులు ఉన్నారు. ఆ నూనె నూలుకు రంగు గాఢముగా పట్టుటకు, వాన నాపుటకు కాదు.)

నిలబడినవానికిని, బండి మీద ఉన్నవానికిని భేదమేమని అడుగవచ్చును. భౌతికశాస్త్ర విభాగపు మిత్రులు మాకంటె చక్కగా చెప్పగలరు గాని, మాకు తెలిసినంతలో సంగతి ఇది. పెద్ద వానచినుకు గంటకు సుమారు 30 కిలోమీటర్ల వేగముతో నేలకు దిగును. నిలబడినవాని నెత్తిమీద, భుజములమీద అది పడును. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవువానికి ఆ చినుకే పైనుండి వచ్చుదానికంటె రెండింతలు ఎదురుగా వచ్చును. అనగా బండిమీద ఉన్నవానికి వాన ఆకాశమునుండి కాక, ఎదుటి దారినుండి వచ్చుచున్నట్లు. అందుచేత అతనికి ముప్పు భుజములవద్ద కాదు. ఛాతీమీది జిప్పువద్ద, గొంతువద్ద, చేతిచివరలవద్ద, మోకాళ్లవద్ద, తొడలమధ్యన. గొడుగు పట్టినట్లు పైనుండి కప్పు కోట్లన్నియు ఈ కారణముననే బండిమీద ఓడిపోవుచున్నవి.

ఈ జ్ఞానము మాకు పుస్తకమునుండి రాలేదు. ఉద్యోగములో చేరిన క్రొత్తలో పట్నంలో ఒక దుకాణమున మేమొక వానకోటు కొన్నాము. దుకాణదారుడు నిలువుటద్దము ముందు నిలబెట్టి, "పెద్దదే తీసుకోండి సార్, లోపల గాలి ఆడుతుంది, దుస్తులమీద సులువుగా ఎక్కుతుంది" అన్నాడు. అద్దములో మేము జుబ్బా తొడిగిన పెద్దమనిషివలె కనబడి, కొంత సంతోషించినాము కూడ. జూలై మాసములో ఒక సాయంత్రము భువనగిరి నుండి వచ్చుచు రాయగిరి చేరునప్పటికి జోరువాన. ఒక లారీ మమ్ము దాటిన గాలికి కోటులోపల గాలి నిండి వీపు బుడ్డవలె ఉబ్బినది. మెడవెనుక టోపీ లేచి తలను వెనుకకు లాగినది. క్రింది అంచు ఎగిరి హెల్మెట్టు అద్దముమీద పడినది. రెండు మూడు క్షణములు మాకు దారి కనబడలేదు. అలవాటు చొప్పున బ్రేకు పట్టినాము. బండి పక్కకు జారి, తారు దిగి, ఎర్రమట్టిలో ఆగినది. వెనుక వచ్చువారు దూరముగా ఉండుటచేత మాత్రమే మేమీ వ్యాసము వ్రాయుచున్నాము. లోపల గాలి ఆడుతుందని ఆ దుకాణదారుడు చెప్పినమాట అబద్ధము కాదు.

ఇక ఎంపికను గురించి. నిలువుటద్దము ముందు నిలిచి వానకోటు కొనరాదు, కూర్చుండి కొనవలెను. నిలిచినప్పుడు మణికట్టును దాటిన చేయి, బండి హ్యాండిలును పట్టుకొనుటకు ముందుకు చాచగానే నాలుగు వ్రేళ్ల మేర వెనుకకు పోవును. నిలిచినప్పుడు నడుము క్రిందివరకు వచ్చిన వీపుభాగము ముందుకు వంగగానే పైకి లేచి, లోపలి చొక్కా బయటపడును. నిలిచినప్పుడు చీలమండలను కప్పిన ప్యాంటు కాళ్లు మడిచి కూర్చుండగానే పిక్కలకు ఎక్కును. ఈ మూడు ఖాళీలలోనుండియే నీరు దిగును. కాబట్టి దుకాణములో స్టూలు ఉన్నను చాలును, వీలైనచో బయట నిలిపిన మీ బండినే ఎక్కవలెను. రోజూ తొడుగు చొక్కా, ప్యాంటు, చెప్పులో బూట్లో, హెల్మెట్టు, వీటితోనే వెళ్లి, కోటు తొడిగి, జిప్పు మెడవరకు ఎక్కించి, హ్యాండిలు పట్టుకొని, తలను రెండువైపులకు పూర్తిగా త్రిప్పి చూడవలెను. తల త్రిప్పునప్పుడు భుజముమీద బట్ట బిగిసి మెడను లాగినచో ఆ కోటు వెనుక వచ్చు వాహనమును చూడనీయదు. దానిని తిరిగి ఇచ్చివేయవలెను. దుకాణదారుడు విసుగుకొనవచ్చును, కొననిండు. మా అనుభవములో స్టూలు అడిగినప్పుడు వింతగా చూచినవాడే రెండవసారి పోయినప్పుడు తానే స్టూలు వేసినాడు.

కొలత బిగుతుగా ఉండవలెనా, వదులుగా ఉండవలెనా అన్నది సులభమైన ప్రశ్న కాదు. లోపలి దుస్తులమీద ఎక్కవలెను గనుక మామూలు చొక్కా కొలతకంటె ఒక సైజు పెద్దది అవసరము. మోకాలు మడిచినప్పుడు కుట్టు పట్టుకొనని ఖాళీ ఉండవలెను, లేనిచో కుట్లే మొదట చినుగును. అంతకుమించి ఒక జానెడు కూడ అక్కరలేదు. ఉన్న వదులును నడుమువద్ద, మణికట్టువద్ద, చీలమండవద్ద పట్టీలతో బిగించుకొను ఏర్పాటు ఉండవలెను. ఎలాస్టిక్ మాత్రమే ఉన్నది రెండు వర్షాకాలములలో వదులైపోవును. ఎలాస్టికుతోపాటు వెల్‌క్రో పట్టీ ఉన్నది మేలు. కోటు, ప్యాంటు వేరువేరుగా ఉన్న జతయే బండికి తగినది. మోకాళ్లవరకు వ్రేలాడు పొడుగు కోటు బండి ఎక్కగానే ముందు చీలి, రెండు తొడలను వానకు అప్పగించును. తలమీదుగా వేసికొను రెక్కల తొడుగు బండికి పనికిరాదు. దానిని గురించి ఇంకేమియు చెప్పబోము.

ప్యాంటు అంచు బూటులోనికి దోపుట చాలమంది చేయు పొరపాటు. నీరు కాలివెంట దిగి బూటులోనే చేరును. అంచు బూటుపైన ఉండవలెను. చేతికి తొడుగులు వేసికొనువారు కోటు చేతిని తొడుగుపైకి లాగుకొనవలెను. ఒక ఇంటి పైకప్పు పెంకులను చూచినచో ఈ సూత్రము అంతయు తెలియును. పై పెంకు క్రింది పెంకును కప్పును గాని, దానిక్రింద దూరదు. వ్రేళ్లు తడిసి గాలికి చల్లబడి మొద్దుబారినప్పుడు బ్రేకు పట్టుట ఆలస్యమగును. తడిసిన తారుపై బండి ఆగుటకే ఎక్కువ దూరము కావలెను గదా, దానికి ఈ ఆలస్యము తోడగును.

టోపీ విషయములో మాకు గట్టి అభిప్రాయము కలదు. హెల్మెట్టు క్రింద దళసరి టోపీ తొడుగుట, హెల్మెట్టుపైన టోపీ వేయుట, రెండును కూడదు. క్రింద తొడిగినచో హెల్మెట్టు తలకు పట్టక, పట్టీ సరిగా బిగియదు, ప్రక్కచూపు తగ్గును. పైన వేసినచో గాలి దానిని తెరచాపవలె లాగును. విప్పి మడిచి కాలరులో పెట్టుకొను టోపీ ఉన్నది చూచుకొనుడు. బండి దిగిన తరువాత అది పనికివచ్చును. మెడలోనికి నీరు దిగకుండుటకు ఎత్తయిన కాలరు చాలును.

వ్రేలాడు బట్ట ప్రమాదము నడుపువానితో ఆగదు. బండికి ఒకవైపు వేడి సైలెన్సరు, ఒకవైపు గొలుసు, వెనుక తిరుగుచుండు చక్రము. ప్లాస్టిక్ ప్యాంటు సైలెన్సరుకు తగిలినచో కరగి అంటుకొనును. ఇది చాలమందికి తెలిసినదే. చక్రములో బట్ట చిక్కుకొనుట అంతకంటె ఘోరము. దీనిని చట్టము ఏనాడో గుర్తించినది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 123వ నిబంధన ప్రకారము మోటారు సైకిలుకు వెనుక కూర్చున్నవారు పట్టుకొనుటకు పిడి, కాలు మోపుటకు మెట్టు, వారి దుస్తులు చక్రములో చిక్కకుండ వెనుక చక్రములో కనీసము సగభాగమును కప్పు రక్షణ ఉండవలెను. చీరకొంగు మాత్రమే గాక చున్నీ, బురఖా, వదులు వానకోటు, అన్నియు ఈ నిబంధన ఉద్దేశించిన దుస్తులే. బండి కొన్న మొదటి వారములోనే అందము చెడుచున్నదని ఆ జాలీని ఊడదీయించు మన యువకులను చూచినప్పుడు, వెనుక కూర్చుండబోవు తల్లినో చెల్లెలినో వారు తలచుకొన్నారా అని సందేహము కలుగును.

మన విద్యార్థినులలో పలువురు అన్నదమ్ముల వెనుక, తండ్రుల వెనుక ఒకప్రక్కకు కూర్చుండి వచ్చుచున్నారు. బురఖామీద వానకోటు తొడుగుట కష్టమని, కోటు మానివేసి గొడుగు విప్పుకొనువారు కలరు. నడుచుచున్న బండిమీద గొడుగు విప్పుట వంటి అపాయము మరొకటి లేదు. గాలి గొడుగును ఒక్కసారిగా వెనుకకు లాగును, పట్టుకొన్నవారిని దానితోపాటు లాగును. అట్లు పడి ప్రాణములు పోయిన వార్తలను వర్షాకాలములో పత్రికలలో చదువుచునే ఉన్నాము. వెనుక కూర్చుండువారికి కూడ కోటు, ప్యాంటు జత కొనవలెను. బురఖాను మోకాళ్లవరకు ఎత్తి మడిచి, దానిపై వదులైన వానప్యాంటును తొడిగి, నడుము త్రాడు బిగించినచో వస్త్రమునకు వస్త్రము కప్పబడును, చక్రమునకు దూరమగును. దీనిని మా ఇంటిలోనే పరీక్షించి చూచినాము. అందుకు స్త్రీల కొలతలలో నడుము వెడల్పైన ప్యాంటు కావలెను. దుకాణములలో అది అరుదుగా దొరకును. పురుషుల ప్యాంటును దర్జీచేత కుదించినచో సూది పడిన ప్రతి రంధ్రమునుండి నీరు కారునని మరువరాదు.

ఈ కుట్టు సంగతియే బట్ట సంగతికంటె ముఖ్యము. 1823లో చార్లెస్ మెకింటాష్ రెండు బట్టల నడుమ కరగిన రబ్బరు పూసి నీరు పట్టని వస్త్రమునకు హక్కు పొందినాడు. ఎండకు జిగటయై చలికి బిరుసెక్కు ఆ రబ్బరు దోషము, 1844లో చార్లెస్ గుడియర్ రబ్బరును గంధకముతో కాచు పద్ధతికి హక్కు పొందిన తరువాత తొలగినది. మన దేశములో సురేంద్ర మోహన్ బోస్ 1920లో కలకత్తాలో స్థాపించిన బెంగాల్ వాటర్‌ప్రూఫ్ సంస్థ డక్‌బ్యాక్ కోట్లను ఇంటింటికి చేర్చినది. 1969లో అమెరికాలో రాబర్ట్ గోర్ కనుగొన్న సాగిన పొర, నీటిబొట్టును ఆపి చెమట ఆవిరిని పోనిచ్చునది. ఇన్ని మార్పులు వచ్చినను కుట్టు అను బలహీనత మాత్రము పోలేదు. కోటును తిరగవేసి లోపలి కుట్లను చూడుడు. కుట్టు పొడవునా సన్నని పట్టీ వేడితో అతికించి ఉన్నచో అది వానకోటు. లేనిచో గాలికోటు. రెండు కాళ్లు కలియుచోట కుట్లన్నియు వచ్చి చేరును. సీటులో నిలిచిన నీటిపై మన బరువంతయు అక్కడనే పడును. ఏ ప్యాంటైనను మొదట కారునది అక్కడనే. ఇంటికి తెచ్చినపిమ్మట ప్యాంటు తొడిగి, కుర్చీలో కూర్చుండి, ఒడిలో చెంబెడు నీరు పోసికొని పది నిమిషములు ఓపికపట్టినచో నిజము తెలియును. ఇంటివారు నవ్వుదురు, నవ్వనిండు.

కోట్లమీద కొన్నిట 5,000 మి.మీ., 10,000 మి.మీ. అని వ్రాసి ఉండును. బట్టను బిగించి ఒకవైపునుండి నీటి ఒత్తిడి పెంచుచు పోగా, రెండవవైపు మూడుచోట్ల బొట్లు కనబడువరకు అది తట్టుకొన్న నీటి నిలువెత్తు ఆ సంఖ్య. 10,000 అనగా పది మీటర్ల ఎత్తు నీరు. ఆ పరీక్ష బట్టముక్కకు చేసినది గాని, కుట్టిన కోటుకు కాదు. వాటర్ రెసిస్టెంట్ అని మాత్రమే వ్రాసినది తుంపరను ఆపునే గాని, శ్రావణపు వానను ఆపదు. ఇక ఖరీదైన ఆవిరి పోనిచ్చు బట్టలను గురించి మా మాట కొందరికి నచ్చకపోవచ్చును. మన ప్రాంతపు వానలో గాలియే తేమతో నిండి ఉండును. అరగంట ప్రయాణమునకు ఎంతటి బట్టయైనను కొంత చెమట పట్టకుండ ఆపలేదు. లోపల చెమ్మగిల్లినదంతయు వాననీరు కాదు. విద్యార్థికి అతికించిన కుట్లు గల సాధారణపు పాలియెస్టరు జత చాలును. రెండు మూడు వందలకు రోడ్డుప్రక్క దొరకు పలుచని ప్లాస్టిక్ కోటు మడతలవెంట పగిలి ఏటేటా క్రొత్తది అడుగును. మంచి జతను తడిగా మడిచి డిక్కీలో కుక్కినచో అదియును లోపలి పూత పొరలుగా ఊడి పాడగును. నీడలో ఆరవేయవలెను, ఇస్త్రీ పెట్టరాదు.

రంగు విషయములో యువకులతో మాకు ఎప్పుడును తగవే. అందరికి నలుపు కావలెను. సంజవేళ, వానలో, నల్లని తారుమీద నల్లని కోటు తొడిగినవాడు లారీ డ్రైవరుకు కనబడునా? 2022 మార్చిలో గుట్టపై ఆలయము పునర్నిర్మాణము తరువాత తెరచుకొన్నప్పటినుండి రాయగిరి దారిలో క్రొత్తగా దారి చూచుకొనుచు వచ్చు కార్లు, బస్సులు పెరిగినవి. పసుపో నారింజయో కొనుడు. నలుపే కావలెనన్నచో వీపుపై, చేతులపై వెలుగు పడగానే మెరయు పట్టీలు వెడల్పుగా ఉన్నది కొనుడు. పుస్తకముల సంచి ఆ పట్టీని కప్పివేయును గనుక సంచికి కూడ ఒక రంగు తొడుగు ఉండవలెను. సంచిని కోటులోపల పెట్టి గూని చేసికొనరాదు, కోటు అమరికయంతయు చెడును.

కోటు ఉన్నదిగదా అని ఏ వానలోనైనను పోవచ్చునని మేము చెప్పుటలేదు. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ ప్రాంతములో ఒక్కరోజులో 30 సెంటీమీటర్లకు పైగా వర్షము కురిసినది. మన హైదరాబాదు దారియే అది. వలిగొండ మండలములో సంగెం వద్ద మూసీపై లోలెవెల్ వంతెన వరదలో మునిగి రాకపోకలు ఆగిన సందర్భములు మనమెరుగుదుము. అట్టి నీటికి ఏ కోటును సమాధానము కాదు. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు చెట్టు క్రింద గాక పక్కా కప్పుక్రింద ఆగవలెను. ఆగినవానికి కూడ పొడిబట్ట ఉన్నచో ఆగుటకు ఓపిక ఉండును. నిలువునా తడిసి వణకువాడే ఎట్లయినను ఇల్లు చేరవలెనని వేగము పెంచును.

ఖర్చును గురించి విద్యార్థులు అడుగుట న్యాయమే. బండికి వాయిదాలు కట్టుచున్న ఇంటిలో జత కోటు కొనుమనుట తేలిక కాదు. కాని దాహమైనప్పుడు బావి త్రవ్వినట్లు, వాన పట్టుకొన్నపిదప దారిప్రక్క దొరికినదానికి ఇచ్చు మూడువందలు మూడేండ్లలో ఎంతయగునో లెక్కించి చూడవలెను. అన్నదమ్ములు ఒకే జతను పంచుకొందుమనుచున్నారు. ఇద్దరి కొలతయు ఒకటైనప్పుడే అది పొసగును.

కమిటీ పెద్దలకు మా విన్నపము స్వల్పము. తడిసిన కోటును తరగతిలోనికి తేరాదనుట సబబే, ఆ మాట మొదట అన్నవారము మేమే. అయితే బయట దానికి చోటు చూపవలెను గదా. సైకిల్ స్టాండు రేకులక్రింద గోడవెంట ఒక బలమైన తీగయో, ఇనుపకమ్మియో ఛాతీ ఎత్తున కట్టించి, వరుసగా కొక్కెములు వేసి, కొక్కెమునకొక సంఖ్య వ్రాయించినచో చాలును. విద్యార్థినులకు వేరుగా వారి విశ్రాంతి గది వరండాలో మరియొకటి. నేలకు కొంచెము వాలు ఉండుటచేత నీరు తనంతట కాలువకు పోవును, మేము చెంబుతో నీరు పోసి చూచినాము. జోరువాన కురిసిన దినమున మొదటి గంటకు పావుగంట ఆలస్యముగా వచ్చినవానికి హాజరు ఇచ్చుటకు అధ్యాపకులకు అనుమతి కూడ కావలెను. ఆ పావుగంట కొరకే పలువురు ఆగక, వానలో బండి పరుగెత్తించుచున్నారు.

మోటకొండూరు వైపు నుండి వచ్చు ఆ విద్యార్థి ఇప్పుడు తృతీయ సంవత్సరములోనికి వచ్చుచున్నాడు. వేసవి సెలవులలోనే కమ్మి పని అయినచో మృగశిర మొదటి వానకు అది సిద్ధముగా ఉండును. కమ్మి ఖర్చు కమిటీవారు భరించినచో, కొక్కెములు మేము తెత్తుము. సుత్తి మా ఇంటిలో ఉన్నది.